నడిమి ముక్క

మా అక్క కొడుకు పుట్టినప్పుడు నేనొక బొంత కుట్టాను. పెద్దదేం కాదు, అటూ ఇటూ మూరన్నర. మూడు వరసల్లో తొమ్మిది ముక్కలు, ముక్కకో బొమ్మ, బొమ్మలన్నీ నా చేతి గీతలే. ఆ సంగతి తెలిసిన చుట్టాలు ఎప్పుడైనా ఎత్తితే "బాగానే వచ్చిందిలే" అని ఊరుకుంటాను. బాగానే వచ్చింది కూడా. ఇన్నేళ్ళయినా దాన్ని తలచుకుంటే నాకు అన్నం సహించదు, అంతే.

అక్కది మిర్యాలగూడ అత్తిల్లు. భూములున్న ఇల్లు, గొంతు కూడా ఉన్న ఇల్లు. మొదటి ఇద్దరు పిల్లలూ సూర్యాపేటలో మా ఇంట్లోనే పుట్టారు. ఒకడు తొమ్మిది రోజులున్నాడు, ఒకతె నెల. మూడోసారి అక్క కడుపుతో ఉందని తెలియగానే ఆమె అత్తగారు మా ఇల్లు అచ్చిరాలేదని తేల్చి, కాన్పు మిర్యాలగూడలోనే అన్నారు. గోడల మీద నేరం మోపటం తేలిక. గోడలు ఎదురు మాట్లాడవు. మా అమ్మా మాట్లాడలేదు.

పిల్లలు దక్కని తల్లికి మళ్ళీ బిడ్డ పుడుతుంటే మా దిక్కు ఒక పద్ధతి ఉంది. పిల్లలు బతికిన ఇళ్ళకు పోయి, ఆ తల్లులు కట్టి విడిచిన పాత చీరలు అడిగి తెచ్చి, బిడ్డకు బొంత కుట్టాలి. కొనకూడదు. కొత్తబట్ట కలపకూడదు. కొంగుపట్టి అడుక్కోవాలి. అట్లా అడుక్కున్న గుడ్డ మీద పడుకున్న బిడ్డను చావు కూడా ఎవరో బీదింటి బిడ్డ అనుకుని వదిలేస్తుందట. చావుకు ఇంత తక్కువ తెలివి ఎందుకుంటుందని నేను అడిగాను. "నీ కాలేజీ ముచ్చట్లు ఆడ పెట్టి, పోయి చీరెలు అడుక్కరా పో," అంది అమ్మ.

కాలేజీ అంటే హైదరాబాదులో నేను చదివింది. బీఎస్సీ చివరి ఏడు నడుస్తుండగా ఊళ్ళమీద దాడులు మొదలై ఇంటికొచ్చేశాను. వచ్చిన నెలకు ఇల్లే బయలుదేరింది. సంస్థానం సరిహద్దు దాటి అవతలికి పోదామని బయలుదేరిన వాళ్ళం, కోదాడలో చిన్నమ్మ ఇంట్లో ఆగి, అక్కడే ఐదు నెలలు ఉండిపోయాం. పారిపోవటంలో కూడా మాకు పట్టుదల తక్కువ. చిన్నమ్మ ఇంటి వెనక దొడ్లో బందరు దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలాయన బట్టల మీద బొమ్మలు వేసేవాడు. వెదురుపుల్లకు గుడ్డ చుట్టి, దారం బిగించి, దాన్నే కలం అనేవాడు. నలుపు రంగు కుండలో తయారయ్యేది. పాత ఇనుపముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి వారాల తరబడి పులియబెట్టేవాడు. ఆ వాసనకు చిన్నమ్మ రోజూ ముక్కు మూసుకుని తిట్టేది. నేను మాత్రం గోడ దూకి పోయి కూర్చునేదాన్ని.

"బట్టకి ముందు కరక్కాయ, గేదె పాలు పట్టించాలమ్మా," అనేవాడాయన. "పాలు పట్టకపోతే గీత పరిగెడుతుంది. పరిగెత్తిన గీతని మళ్ళీ వెనక్కి పిలవలేం."

నేను రసాయనశాస్త్రం చదివినదాన్ని. కరక్కాయ సంగతి ఒప్పుకున్నాను గానీ గేదెకు ఇందులో ఏం పనో అర్థం కాలేదు. ఆ మాట నోటితో అనలేదు. సూర్యాపేట తిరిగొచ్చి, బొంత కోసం మొదటి ముక్క మీద చిలుకను గీసేటప్పుడు పాలు మాని చూశాను. గీత పరిగెత్తింది. చిలుక కోడైంది. అడుక్కున్న గుడ్డ కాబట్టి మళ్ళీ అడగటానికి లేదు, పారేయటానికి లేదు. ఆ ముక్క ఎవరిదంటే, సాక్షాత్తూ అక్క అత్తగారిది. మిర్యాలగూడ నుంచి పాత కాగితంలో చుట్టి పంపారు. ముట్టుకుంటే గోనెసంచీ గుర్తొచ్చే నేత. ఇంట్లో అంతకన్న మంచి చీరలు ఉన్నాయని మా అందరికీ తెలుసు. మనవడి కోసం ఆమెకు విడవబుద్ధయిన చీర అది.

మిగతా ముక్కలకు బుద్ధిగా పాలు పట్టించాను. ముందే పేడనీళ్ళలో నానబెట్టి పాతరంగులు దించాను కాబట్టి, కరక్కాయ, పాలు తాగి ఆరాక బట్టలన్నీ ఒకే లేత పసుపుకు వచ్చాయి. ఏది ఎవరిదో నాకు తప్ప ఇంకొకరికి తెలిసే వీలు లేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, నాకు తర్వాత అక్కరకొచ్చింది.

ఎనిమిది ముక్కలు చుట్టాల ఇళ్ళ నుంచీ, పక్కిళ్ళ నుంచీ వచ్చాయి. తొమ్మిదోది, నడుమ పెట్టేది, ఎవరిని అడగాలా అని అమ్మ వేళ్ళు మడుస్తూ కూర్చుంది. ఆ ఇంట్లో ఒకడు పోయాడు, ఈ ఇంట్లో ఇద్దరు పోయారు. "మంత్రసాని ఉందిగా," అన్నాను. అక్కనూ నన్నూ ఇద్దరినీ లోకంలోకి లాగింది ఆమే. ఆమె కన్నది ఎనిమిది మందిని, ఎనిమిది మందీ రాళ్ళలా ఉన్నారు. పద్ధతి ప్రకారం చూస్తే ఊరంతా మొదట అడగాల్సింది ఆ ఇంటినే. ఎవరూ అడిగినట్టు వినలేదు. ఆమె ఇల్లు ఊరి చివర వాడలో ఉంది. పురుటి గదిలోకి ఆమె నేరుగా వచ్చేది. ఆమె వెళ్ళాక ఆ గది కడిగేవాళ్ళు. మిగతా రోజుల్లో పెరటి గోడకు అవతల నిలబడి మాట్లాడేది.

అమ్మ చాలాసేపు ఆలోచించింది. ఇద్దరు పోయిన అక్క ముఖం తప్ప ఆమెకు ఆ రోజుల్లో ఇంకేదీ కనబడేది కాదు. "పెట్టు గని," అంది చివరికి, "మిర్యాలగూడల నోరు తెరవకు."

వాడకు నేనే పోయాను. మంత్రసాని గుమ్మం ముందు చింతకాయలు కొడుతూ కూర్చుని ఉంది. విషయం చెప్పాను. ఆమె నన్ను కింది నుంచి మీదికి చూసింది.

"నా చీరెనా? చిన్నమ్మా, పొద్దుగాల్నే పరాచికాలా?"

"నిజంగనే. నడుమ పెడత."

"మీ అమ్మకు తెలుసా?"

"తెలుసు."

లోపలికి పోయి ఒక చీర తెచ్చింది. సన్న నేత. ఇరవై రెండేళ్ళ కింద అక్క పుట్టినప్పుడు మా అమ్మ ఆమెకు పెట్టిన చీర. పండుగలకు మాత్రమే కట్టి కట్టి, పొగలా మెత్తబడింది. "మీ ఇంటి చీరెనే," అంది. "మీ ఇంటికి తిరిగి రానీకి ఇన్నేండ్లు పట్టింది." చింపబోతూ ఆగింది. "ఇస్త గని చిన్నమ్మా, ఒక్క మాట. ఇంతమంది పిల్లల్ని తీసిన. ఏ ఇంట్ల గూడ నా పేరు ఎత్తరు. దేవుడిచ్చిండు అంటరు. ఇయ్యనియ్యి, నాకేం కొట్లాట లేదు దేవునితోని. గీ ఒక్కటి మాత్రం నాదని చెప్పి వెయ్యి. ఆడ, అందరి ముందు."

"చెప్త," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో! చదువుకున్నవాళ్ళకు మాట ఇవ్వటంలో ఉన్న హుషారే వేరు.

ఆ ముక్క మీద నేను రెండు అరచేతులు గీశాను. ఆమెవే. గోరింటాకు లేదు, గాజులు లేవు, బొటనవేలు దగ్గర కొడవలి గాటు ఉంది. రేఖలు నల్లగా గీసి, అరచేతుల్లో పటిక నీళ్ళు నింపి, ఎరుపునిచ్చే చిరువేరు వేసి ఉడకబెడితే చేతుల వరకే ఎరుపు పట్టింది. నేను గీసినవాటిలో ఇప్పటికీ చెప్పుకోదగ్గది అదొక్కటే. లోపల నాన్న పాత ధోవతి మూడు మడతలు పరిచి, తొమ్మిది ముక్కలూ పైన కలిపి, అంచు నుంచి అంచు దాకా సన్న కుట్టు వేశాను. ఇరవై రోజులు పట్టింది. వేలిముద్రలు అడిగే ఉద్యోగమైతే నాకు రాకపోయేది, అన్ని పొడుచుకున్నాను.

మగపిల్లవాడు పుట్టాడని కబురొచ్చింది. అమ్మా నేనూ కొంతదూరం బస్సులో, కొంతదూరం కచ్చరం బండిలో మిర్యాలగూడ చేరాం. అక్క మంచం మీద ఉంది, పక్కన ఉల్లిపాయంత ముఖంతో వాడు. అక్క అత్తగారు బొంత విప్పి వాకిట్లో వెలుతురుకు పట్టుకుని చూశారు.

"అబ్బో, బొమ్మలు గూడనా! కాలేజీల గివి నేర్పుతరా పిల్లా?"

"లేదత్తమ్మా. కాలేజీల పనికొచ్చేటివేం నేర్పరు."

నవ్వింది. "ఎవ్వరెవ్వరి ఇండ్లకెల్లి తెచ్చినవ్?"

చెప్పటం మొదలుపెట్టాను. ఎనిమిది ఇళ్ళకూ తల ఊపింది. తొమ్మిదోది చెప్పాను. మా అమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది, కళ్ళు దించుకుంది.

బొంత అత్తగారి చేతిలోంచి జారి కింద పడింది. పడేసింది అనటం న్యాయం.

"ఏందీ? ఎవ్వలదీ? నా మనమని కింద వేసేదానికి వాడలకెల్లి తెచ్చినవా? నీ అక్క పిల్లలు ఇద్దరు ఆమె చేతిలనే పోలే?"

"ఆమె చేతిల పుట్టిండ్రు. పోయింది జ్వరంతోని."

"నోరు ముయ్యి. ఏది, ఏ ముక్క? సూపియ్యి, ఇప్పుడే తీసెయ్యాలె. లేకుంటే మొత్తం బొంతనే పొయ్యిల పెడత."

ఆ క్షణంలో నా కోపం ఎంతుందో చెప్పలేను. ఆ ఇంట్లో కూడా అందరినీ తీసింది మిర్యాలగూడ వాడ మంత్రసానే. మూడు రోజుల కింద ఆ పసివాడి తలను మొదట పట్టుకున్నవి అట్లాంటి చేతులే. చేతులు పట్టుకోవచ్చు. చీర తగలకూడదు. ఇదంతా అనాల్సింది. అప్పుడు అక్క వైపు చూశాను. అక్క వాణ్ణి గుండెకు అదుముకుని, బొంతను చూస్తోంది. పొయ్యి అన్న మాటకు ఆమె ముఖంలో రక్తం లేదు. ఇద్దరు పోయాక ఆమెకు మిగిలిన నమ్మకం ఆ మూరన్నర గుడ్డ మీదే ఉంది.

నాకు చేతనయిన పని ఒకటుంది. అదే చేశాను. వేలు చాచి మూలనున్న కోడిలాంటి చిలుకను చూపించాను.

"అది."

అత్తగారు వంగి, కొసగోళ్ళతో ఆ ముక్కను ముట్టి చూశారు. "సూసినవా, ఎంత ముతకగున్నదో! సేతికి తాకంగనే తెలుస్తలేదా ఎసోంటోళ్ళ బట్టనో!"

"తెలుస్తది అత్తమ్మా," అన్నాను. "తాకంగనే తెలుస్తది."

కత్తెర తెప్పించి నా చేతే ఆ ముక్క విప్పించింది. ఒక కట్టెపుల్లకు తగిలించి, చెయ్యి ఎంత దూరం పోతే అంత దూరం చాచి, పెరట్లోకి పోయి తన చీరను తానే పెంటకుప్ప మీద వేసి వచ్చింది. చేతులు కడుక్కుంది. రెండుసార్లు. తర్వాత ప్రశాంతంగా అడిగింది, "మరి నాదేది?"

నడిమి ముక్క చూపించాను.

"నడుమ పెట్టినవా!" ముఖం విచ్చుకుంది. "ఎంత మెత్తగున్నదో సూడు. మా కాలం నేతనే వేరు. ఈ చేతులు ఎవ్వలివి? నావేనా?"

"దీవించే చేతులు అత్తమ్మా."

మనవణ్ణి తెచ్చి సరిగ్గా ఆ చేతుల మధ్య పడుకోబెట్టింది. వాడు కాళ్ళు జాడించి, ఆవులించి, నిద్రపోయాడు. అక్క నన్ను చూసింది. నేను అబద్ధమాడితే నా ఎడమ కనుబొమ్మ లేస్తుందని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఊడిన మూలలో ఆమె తర్వాత తన చీరముక్క కుట్టుకుంది.

కచ్చరంలో తిరిగొచ్చేటప్పుడు నేను అమ్మను నవ్వించాలని చూశాను. కట్టెపుల్ల పట్టుకుని నడిచినట్టు చేసి చూపించాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, మళ్ళీ చుట్టూ చూసింది. నేను గెలిచాననే అనుకున్నాను. సూర్యాపేట చేరిన మర్నాడు మంత్రసాని పెరటి గోడ దగ్గరికి వస్తే ఆమెకూ అదే కథ, ఇంకొంచెం ఉప్పూకారం వేసి చెప్పాను. పెంటకుప్ప దగ్గరికొచ్చేసరికి ఆమె గోడ పట్టుకుని నవ్వింది.

"తన చీరెను తనే! అయ్యో దేవుడా! రెండుసార్లు కడుక్కున్నదా?"

"రెండుసార్లు."

కళ్ళు తుడుచుకుంది. "అయితే నడుమ ఉన్నది ఎవ్వలదనుకుంటున్నరు వాండ్లు?"

"అత్తమ్మదని."

నవ్వు ఆగింది. ఆమె ముఖంలో కోపం వచ్చి ఉంటే నాకు బాగుండేది.

"అంటే నా చీరె మీదనే పండుకుంటున్నడు. అది ఆమెదన్నట్టు. పెంట మీద పడ్డది ఆమెది. అది నాదన్నట్టు." గోడ మీద సున్నం పెచ్చు ఒకటి గీకింది. "మంచిగనే చేసినవ్ చిన్నమ్మా. నేనేమడిగిన, నువ్వేం చేసినవ్?"



ఇరవై ఒకటో రోజు పిల్లవాణ్ణి తొట్టెల్లో వేసే పండుగ. మళ్ళీ మిర్యాలగూడ పోయాం. అమ్మకు నా ముఖం చూసి అనుమానం వచ్చింది, దారంతా చెయ్యి పట్టుకునే ఉంది. అక్కను ముందే ఒంటరిగా పట్టుకుని చెప్పాను, ఈ రోజు చెప్పేస్తానని. "చెప్తే బొంత కాలవెడ్తది," అంది అక్క. "ఇన్ని దినాలు దాని మీద పండుకున్నడు, బతికిండు. ఇంకేం కాదు," అన్నాను. అక్క వాడి వైపు చూసి, "ఇగ నీ ఇష్టం," అంది. ఆమె నోట అంత పెద్ద మాట నేను అంతకు ముందు వినలేదు.

హాలు నిండా ఆడవాళ్ళు. తొట్టెల్లో బొంత, బొంత మీద వాడు. అత్తగారు నడిమి ముక్కను అందరికీ చూపిస్తున్నారు. "ఇది నా చీరె. ఈ చేతులు నావే. మా కోడలి చెల్లె గీసింది."

లేచి నిలబడ్డాను. "కాదత్తమ్మా. ఆ నడిమిది సూర్యాపేట మంత్రసానిది. ఆ చేతులు ఆమెవి. మీరు పెంటల వేసింది మీ చీరె. ఆనాడు నేను అబద్ధం చెప్పిన. ఇయ్యాల నిజం చెప్తున్న."

అత్తగారు నా కళ్ళలోకి చూశారు. ఆమెకు అర్థమైంది. ప్రమాణం చేసి చెప్పగలను, ఆమెకు ప్రతి మాటా అర్థమైంది. ఒప్పుకుంటే మనవడు ఇన్ని రోజులు దేని మీద పడుకున్నాడో ఊరందరి ముందు ఒప్పుకోవాలి. తన చీరను తాను కట్టెపుల్లతో మోసిందని ఒప్పుకోవాలి. ఆమె నోరు తెరిచి, గట్టిగా నవ్వింది.

"సూసిండ్రా! ఈ పిల్ల పరాచికాలు! కాలేజీల గిదే నేర్పిండ్రు!"

అందరూ నవ్వారు. ఎవరో "అబ్బ, ఎంత బాగ చెప్తదో, ముఖంల నవ్వు లేకుండ!" అన్నారు. ఇంకెవరో పెంటకుప్ప ముచ్చట మళ్ళీ చెప్పమన్నారు. నేను మళ్ళీ చెప్పాను, గొంతు పెంచి, ఒక్కొక్క మాట విడమరిచి. ఈసారి ఇంకా ఎక్కువ నవ్వారు. పొట్ట పట్టుకున్నారు. అన్నేళ్ళుగా ప్రతి పెళ్ళిలో, ప్రతి పేరంటంలో వాళ్ళను నవ్విస్తూ వచ్చినదాన్ని నేనే. ఆ మధ్యాహ్నం దాని ఫలితం అనుభవించాను. అమ్మ నా చెయ్యి వదిలి, కొంగుతో ముఖం కప్పుకుంది. ఆమె నవ్వటం లేదు. అక్కా నవ్వలేదు. వంగి తొట్టెల ఊపింది.

సూర్యాపేట వచ్చి, ఆమె పెరటి గోడ దగ్గరికి వచ్చేదాకా ఆగలేక వాడకే పోయాను.

"చెప్పిన," అన్నాను. "అందరి ముందు. నీదని చెప్పిన."

"ఏమన్నరు?"

"నవ్విండ్రు."

ఆమె చేతిలో ఉన్న పని చేసుకుంటూనే ఉంది. "పిల్లగాడు?"

"మంచిగున్నడు. బుగ్గలొచ్చినయి."

"ఉండనియ్యి," అంది.

వాడు బతికాడు, పెద్దవాడయ్యాడు. బొంతను మిర్యాలగూడలో అత్తగారి చేతుల బొంత అనేవాళ్ళు. అక్క తర్వాతి కాన్పుకు అమ్మ మళ్ళీ భయపడి, ఈసారి నన్ను పంపకుండా తనే వాడకు పోయింది. జీవితంలో మొదటిసారి. గుమ్మం ముందు నిలబడి, కొంగుపట్టి, పద్ధతిగా అడిగింది.

మంత్రసాని పీట వేసింది. మంచినీళ్ళు ఇస్తే తాగావా అని అమ్మను నేను అడగలేదు, అమ్మా చెప్పలేదు. బిడ్డ ఎట్లున్నదని మంత్రసాని అక్క సంగతి అడిగింది. కాన్పుకు పిలిస్తే మిర్యాలగూడ దాకా అయినా వస్తానంది.

చీర మాత్రం ఇవ్వలేదు.